బోరు పొడితో గోడ మీద గీసిన భూగర్భం

మార్చి 22 దగ్గర పడుతోందంటే చాలు, బడుల్లో ఒకటే బొమ్మ. కారుతున్న కుళాయి, దాని కింద నీటి చుక్క, చుక్కలో భూగోళం, అడుగున ‘నీటిని పొదుపుగా వాడండి’ అన్న అక్షరాలు. నేను అనంతపురం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారిని. ప్రపంచ జల దినోత్సవం పోటీలకు పిల్లలు గీసే ఆ బొమ్మను ఏటా చూస్తాను. కుళాయి కట్టేయడం మంచిదే, కాదనను. కానీ మా ఊరి నీళ్లు పోయే దారి కుళాయి కాదు, బోరు మోటారు. కేంద్ర భూగర్భజల మండలి 2023 లెక్క ప్రకారం దేశంలో ఏడాదికి భూమిలోంచి తోడుతున్న నీరు సుమారు 241 శతకోటి ఘనపు మీటర్లు. అందులో దాదాపు 87 శాతం సాగుకే పోతోంది. అంటే నీటి గురించి బొమ్మ వేయాలంటే పొలం కింద ఏముందో వేయాలి. అది ఎవరికీ కనిపించదు కాబట్టే ఎవరూ వేయరు.

2022లో ఐక్యరాజ్యసమితి జల దినోత్సవానికి ఎంచుకున్న అంశం సరిగ్గా ఇదే: భూగర్భజలం, కంటికి కనిపించని దాన్ని కనిపించేలా చేయడం. ఆ మాట అప్పటి నుంచీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అయితే ఆ ఏడాది మాకు వానలు బాగా పడ్డాయి. ఊరి మధ్యనున్న పాత మోటబావిలో నీళ్లు కనిపించేసరికి జనం ఆ సంతోషంలో ఉన్నారు. భూగర్భం గురించి వినే ఓపిక ఎవరికీ లేదు. తర్వాత 2023 వచ్చింది. ఆ ఆగస్టులో దేశం మొత్తం మీద పడినంత తక్కువ వాన 1901 నుంచి ఏ ఆగస్టులోనూ పడలేదు. వేరుశనగ ఊడలు దిగే అదునులో మా పొలాల్లో దుమ్ము లేచింది. మోటబావి మళ్లీ అడుగంటింది. సంక్రాంతి నాటికి బోరు బండ్లు ఊళ్లోకి దిగాయి. రాత్రింబవళ్లు కంప్రెసర్ల మోత.

నా పని మొదలైంది ఆ మోతలోనే. మా బడికి ఫర్లాంగు దూరంలో ఒక చీనీ (బత్తాయి) తోట ఉంది. తోట యజమాని మా బడిలో చదువుకునే అమ్మాయి తండ్రి. ఉన్న బోరు ఎండిపోతే ఇంకోటి వేయిస్తున్నాడు. చెట్లకు ఎనిమిదేళ్లు, కాపు మీదున్నాయి. నేను వెళ్లేసరికి రిగ్గు రెండు వందల అడుగులు దాటింది. గొట్టం చుట్టూ బూడిద రంగు పొడి ఎగిసిపడుతోంది. ఇరవై అడుగుల రాడ్డు ఒకటి లోపలికి దిగగానే హెల్పరు కుర్రాడు పార తీసుకుని అప్పుడే వచ్చిన పొడిని కొంచెం పక్కకు తీసి వరసగా కుప్ప పెడుతున్నాడు. లోతు లెక్క తప్పకుండా వాళ్లు చేసుకునే ఏర్పాటు అది. కుప్పకు ఇరవై అడుగులు.

ఆ వరసను చూసి నేను కదలలేకపోయాను. మొదటి కుప్ప ఇటుక ఎరుపు. రెండోది గరుసు నేల రంగు, పసుపు కలిసిన గోధుమ. మూడో దానిలో అభ్రకం తునకలు లైటు వెలుగులో తళుక్కుమంటున్నాయి. అక్కడి నుంచి రంగు పాలిపోతూ వచ్చి ఉప్పూ మిరియాలూ కలిపినట్టున్న బూడిద రంగులో నిలిచిపోయింది. ఇక కుప్ప తర్వాత కుప్ప అదే రంగు. రెండు వందల పది అడుగుల దగ్గర మాత్రం పొడి తడిసి ముద్దగా వచ్చిందట. ‘గ్యాపు తగిలింది సార్, అరంగుళం నీళ్లు’ అన్నాడు డ్రిల్లరు. గ్యాపంటే రాతిలో పగులు, అంగుళాలంటే పైకొచ్చే నీటి ధార కొలత. ఆ ముద్దలో వేలు పెట్టి చూశాను. గోరంత రాతి పెంకు ఒకటి తగిలింది. ఒకవైపు తాజాగా పగిలిన తెల్లని ముఖం, రెండోవైపు తుప్పు రంగు పూత. రాతి పగుళ్లలో నీళ్లు తిరిగిన చోటే ఆ తుప్పు పడుతుంది. ఎన్ని వందల ఏళ్లుగా ఆ సందులో నీరు నడిచిందో అన్న ఆలోచన వచ్చింది. పెంకును చొక్కా జేబులో వేసుకున్నాను.

భూగర్భాన్ని గీయడానికి రంగులు ఎక్కడి నుంచి తేవాలో నాకు అక్కడే తెలిసింది. భూగర్భమే కుప్పలుగా బయటికి వచ్చి నా కాళ్ల ముందు ఉంది. కుప్పకొక ప్లాస్టిక్ సంచి చొప్పున పొడి నింపి, లోతు రాసి పెట్టుకున్నాను. ఆ బోరు 720 అడుగుల దగ్గర ఆపేశారు. అదే అరంగుళం, అంతకు మించి చుక్క పెరగలేదు. లోతుకు పోయేకొద్దీ అడుగు ధర పెరుగుతుంది కాబట్టి, ఏమీ పడని చివరి మూడు వందల అడుగులకే ఆయనకు ఎక్కువ ఖర్చయింది.

సంచులైతే వచ్చాయి గానీ, వాటి అర్థం నాకు సగమే తెలుసు. భూగర్భజల శాఖలో పనిచేసే ఒక జియాలజిస్టు దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ఓపిగ్గా సంచులన్నీ బల్ల మీద వరసగా పెట్టించి చెప్పారు. మా ప్రాంతపు రాయి గ్రానైటు జాతి. చెక్కుచెదరని గ్రానైటులో నీటికి చోటే లేదు. పైన ఎండకూ వానకూ చివికిపోయిన పొర ఒకటుంటుంది. మా సంచుల్లో అది యాభై ఎనిమిది అడుగుల వరకూ ఉంది. అసలు నిల్వ అంతా అక్కడే. అదీ ఎంత? నూరు పాళ్ల రాతిలో ఒకటి నుంచి మూడు పాళ్ల నీరు. దాని కింద ఉన్నవి పగుళ్లు. అవి నీటిని దాచుకునేవి కావు, నడిపించేవి. పైపొరలోకి ఇంకిన నీరే వాటిలోకి దిగుతుంది. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. కాబట్టి వెయ్యి అడుగుల కింద ఇంకో సముద్రం ఉందని అనుకోవడానికి మా రాతిలో ఆధారం లేదు. పైపొర ఎండితే కింద వేసిన బోర్లన్నీ ఒకే ఖాళీని పీలుస్తున్నట్టే.

‘ఇది మీరు ఊళ్లో చెప్పలేదా సార్?’ అని అడిగాను. ‘చెప్తూనే ఉన్నాం. గ్రాఫులు చూపిస్తాం. గ్రాఫు చూసి బోరు మానుకున్న రైతును నేను చూడలేదు’ అన్నారాయన.

నేను గీయాల్సింది ఏమిటో ఆ మాటతో తేలిపోయింది. అప్పులు చేసి అడుగు లెక్కన డబ్బు కట్టినవాళ్లు ఆ అడుగులను ఒక్కసారీ చూసి ఉండరు. వాటిని ఉన్న కొలతలోనే, అదే మట్టితో, వాళ్లు నడిచే దారి పక్కన పెట్టాలి.

బడి ప్రహరీ గోడ రోడ్డు వైపు పొడుగ్గా ఉంటుంది, ఎత్తు మాత్రం నిలువెత్తే. అందుకని లోతును అడ్డంగా పడుకోబెట్టాం. గేటు దగ్గర నేలమట్టం, అక్కడి నుంచి అడుగుకు ఒక అంగుళం. ఈ కొలత ప్రకారం 42 అడుగుల మోటబావి గోడ మీద మూడున్నర అడుగులు. ఊళ్లోకెల్లా లోతైన బోరు 940 అడుగులు, అది డెబ్బై ఎనిమిది అడుగుల దూరం పోతుంది. తోలుబొమ్మలాట వేయిద్దామని కూడా ఒక ఆలోచన వచ్చింది, మా జిల్లా వైపు ఆ కళకు కొదవ లేదు. కానీ ఆట ఒక రాత్రితో అయిపోతుంది. గోడ రోజూ ఎదురవుతుంది.

రంగు తయారీ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. రాతి పొడి తనంతట తాను గోడను పట్టుకోదు. తుమ్మ బంక కలిపితే పట్టుకుంటుంది గానీ వానకు కరిగి కారిపోతుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలు సున్నపు గార మీద మట్టి రంగులతో వేసినవే. విహారయాత్రకు పిల్లలను అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా ఆ కావి ఎరుపునే తలెత్తి చూస్తూ ఉండిపోతాను. గుడి లోపల నీడ పట్టున ఉన్నాయి, మాది ఆరుబయట గోడ. అందుకని వెన్న తీసిన పాలు విరగగొట్టి, ఆ విరుగుడును గుడ్డలో పిండి, నానబెట్టిన సున్నంలో కలిపాం. కాసేపటికి అది జిగురుగా సాగుతుంది. ఆరితే నీటికి లొంగదు. దానిలో పొడి కలిపి, పాత రంగు గీకేసి తడిపిన గోడ మీద పూస్తే రాయి రంగు రాయి రంగులాగే నిలుస్తుంది. కలిపినది ఏ పూటకాపూట వాడేయాలి, మర్నాటికి పనికిరాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. గ్రానైటు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. జల్లించే పని పిల్లలకు ఇవ్వలేదు. నీళ్లలో కలిపి, బరకగా ఉన్నది అడుగుకు దిగనిచ్చి, పైన తేలిన మెత్తని పొడిని వడగట్టి ఆరబెట్టాం. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని ఆ పని నేనూ మా అటెండరూ చేశాం. పిల్లల పని పూతతో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఎరుపు, గోధుమ పొరలు ఎంతో ఉత్సాహంగా వేశారు. ఐదడుగులు దాటగానే అంతా బూడిద రంగే. ఒక అబ్బాయి బ్రష్షు పక్కన పెట్టి ‘సార్, ఇంకా ఎంత దూరం ఇదే రంగు?’ అన్నాడు. గోడ చివరి దాకా అన్నాను. వాడు గోడ పొడుగునా చూసి, ‘మా నాయన ఇందులోనా బోరు వేసింది?’ అన్నాడు. గ్రాఫు చేయని పని విసుగు చేసింది.

నీటి మట్టాలు గీయడానికి లెక్కలు కావాలి. ఇటీవలి వాటికి శాఖవారి పీజోమీటరు ఉంది. మోటారు పెట్టకుండా మట్టం కొలవడానికే వదిలిన బోరు అది. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బావులు కొలుచుకునే కార్యక్రమం ఒకటి నడిచింది. పదిహేను రోజులకొకసారి మట్టం కొలిచి ఊరి బోర్డు మీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు పట్టేదెంత అని బడ్జెట్ వేసుకునేవారు. పక్క ఊళ్లో ఆ రోజుల్లో కొలిచిన రైతు ఒకాయన తన నోటు పుస్తకం బయటికి తీశాడు. అట్టకు పాలిథిన్ కవరు వేసి దాచుకున్నాడు. ఆ పుస్తకం లేకపోతే మా గోడ మీద పదేళ్ల ఖాళీ ఉండేది.

అంతకు ముందు కాలానికి దారి చూపింది మా వీధి చివరి అవ్వ. బావిలో నీళ్లు ఎంత లోతున ఉండేవని అడిగితే అడుగుల్లో చెప్పలేదు. ‘నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మూడు బారల చేంతాడు చాలేది నాయనా. పెద్దోడు పుట్టిన ఏడు ఇంకో బార ముడేసినాము. ఆడపిల్ల పెండ్లికి ఐదు. ఆ తర్వాత ఆరు, ఏడు. ఏడు బారలకు అడుగున చేద బండను కొట్టుకునేది’ అంది. ఆవిడ రెండు చేతులూ బారగా చాపితే టేపు పెట్టి కొలిచాం. ఐదడుగుల నాలుగు అంగుళాలు. మూడు బారలంటే పదహారు అడుగులు, ఏడు బారలంటే ముప్పై ఏడు అడుగులకు కొంచెం పైన. కాపురానికి వచ్చిన నాటి నుంచి బావి ఎండేదాకా ఆవిడ తోడుకున్న నీళ్లన్నీ గోడ మీద రెండడుగుల లోపు సరిపోయాయి. ఆ గీతలను ఆవిడ చేతనే పెట్టించాం. బారకో చేంతాడు ముడి బొమ్మ. అవి గోడ మీదికి వచ్చాకే మిగిలిన ఆడవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి తమ ఇంటి తాడు లెక్క చెప్పారు. అవ్వ చెప్పినదానికీ వాళ్లు చెప్పినదానికీ పెద్ద తేడా లేదు. బావి ఒకటే కదా.

బోర్ల గీతల దగ్గర గొడవ వచ్చింది. ప్రతి బోరుకూ దాని లోతు దాకా ఒక సన్నని తెల్ల గీత, నీళ్లు తగిలిన చోట నీలం చుక్క, ఎండిపోతే ఖాళీ సున్నా అనుకున్నాం. కొందరు ఒప్పుకోలేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోర్లు నమోదు చేయించాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. గోడ చూసి ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని వాళ్ల భయం. అందులో తప్పేమీ లేదు. పేర్లు గానీ సర్వే నంబర్లు గానీ రాయబోమని మాట ఇచ్చాం. గీత ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు, ఆ సంగతి వేరు. ఫెయిలైన బోర్లు చెప్పడానికి వెనకాడినవాళ్లూ ఉన్నారు. ఒక్కో ఖాళీ సున్నా వెనుక ఒక అప్పు ఉంటుంది.

అయితే ఒకాయన తనంతట తానే వచ్చి తన ఆరు బోర్లూ వేయమన్నాడు. ఐదు సున్నాలు, ఒక్క నీలం చుక్క. చాక్‌పీసుతో లోతులు తానే గుర్తు పెట్టాడు. ‘నా కొడుకు ఏడోది వేద్దామంటున్నాడు. వాడు రోజూ ఈ దారినే పోతాడు’ అన్నాడు. 940 అడుగుల బోరు వేసిన రైతు మాత్రం వేరే పంతం పట్టాడు. మా పొడి 720 దగ్గరే అయిపోయింది కాబట్టి అక్కడి నుంచి గోడను ఉత్త తెల్లసున్నంతో వదిలేశాం. మాకు దొరకని రాతిని ఊహించి వేయడం నాకు ఇష్టం లేదు. ఆయన తన బోరు పక్కన ఇంకా పడి ఉన్న కుప్ప నుంచి సంచి నిండా పొడి తెచ్చాడు. ‘కుప్పలో పైనున్నది ఆఖర్న వచ్చిందే కదా సార్’ అన్నాడు. నిజమే. అది కూడా అదే బూడిద రంగు. గోడ చివర, నేలమట్టానికి డెబ్బై ఎనిమిది అడుగుల దూరాన, ఆ పొడితో ఒక పట్టీ వేశాం. నడుమ తెల్లని ఖాళీ అలాగే ఉంది.

గేటుకు రెండోవైపు గోడ మీద ఇంకో బొమ్మ వేశాం. దీనికి లెక్కల టీచరు సాయం చేశారు. మా జిల్లాలో సగటున ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మా నేలల్లో అందులో పదో వంతు ఇంకితే గొప్ప. అంటే 55 మిల్లీమీటర్లు. బోరు కింద వరి వేస్తే పంటకాలంలో పట్టే నీరు సుమారు 1200 మిల్లీమీటర్లు. ఒక ఎకరం వరి ఇరవైకి పైగా ఎకరాల మీద ఏడాది పొడుగునా ఇంకిన వానను తాగేస్తుంది. ఒక ఆకుపచ్చ గడి వేసి, చుట్టూ అంతే కొలతతో ఇరవై రెండు మట్టి రంగు గడులు వేశాం. పక్కనే కొర్ర వేసిన ఎకరం, దానికి పట్టే కొద్దిపాటి గడులు. అక్షరం ఒక్కటీ రాయలేదు. ఆ గడుల ముందు జరిగినన్ని వాదనలు పెద్ద బొమ్మ ముందు జరగలేదు. ‘ఆ ఇరవై రెండు ఎకరాలు ఎవరివి?’ అని ఒకరు అడిగారు. వరి వేసిన రైతు ‘నా బోరులోంచి నా నీళ్లు’ అన్నాడు. బోరు లేని రైతు ఒకడు, ‘నా చేను మీద పడిన వాన ఇంకితే అది నీ బోరులోకి ఎట్లా పోయింది, నన్ను అడిగి పోయిందా?’ అన్నాడు. చాలాసేపు వాళ్లిద్దరూ తగ్గలేదు. నేను ఏమీ కల్పించుకోలేదు. నేను ఈ పని తలపెట్టిందే ఆ ప్రశ్న కోసం. బోరు నీటి మీద పెత్తనం నేల యజమానిదేనని అనుకోవడం మన అలవాటు. రాతి పగుళ్లకు మాత్రం గట్లు తెలియవు.

గోడ పూర్తయిన రోజు ఊరి ఆడవాళ్లు బడి ముందు రోడ్డంతా ముగ్గు పెట్టారు. వాళ్ల ఆలోచనే. రోడ్డును ఊరి పొలాల పటంగా అనుకుని, ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి బోర్లకు చుక్కలు పెట్టారు. నీళ్లున్న బోరుకు తెల్ల ముగ్గు చుక్క, ఎండిన దానికి బొగ్గుపొడి చుక్క. ముగ్గుపిండిలో మిగిలిన రాతిపొడి కూడా కలిపారు. వంక వెంబడి తెల్లచుక్కలు వరసగా వచ్చాయి. మెరక పొలాల్లో నల్లచుక్కలు గుంపుగా పడ్డాయి, ఒకచోటయితే చుక్కకూ చుక్కకూ మధ్య కాలు పెట్టే సందు లేదు. ఎవరి బోర్లు ఎవరి బోర్ల పక్కన పడ్డాయో అందరూ పైనుంచి ఒకేసారి చూడటం అదే మొదలు. జియాలజిస్టు గారు ఆ రోజు వచ్చి, ముగ్గును ఫోనులో ఫొటో తీసుకుని, తెల్లచుక్కల వరసలోంచి పగులు ఎటు పోతోందో వేలితో గీసి చూపించారు.

గోడ వల్ల ఊరు మారిపోయిందని చెప్పను. ఆ తర్వాత కూడా రెండు బోర్లు వేశారు. ఆరు బోర్లు గీయించినాయన ఇంట్లో ఏడో బోరు మాత్రం వేయలేదు. మెరక మీది నాలుగు కుటుంబాలు కలిసి ఉన్న రెండు బోర్ల నీటిని పైపులైనుతో పంచుకుందామని కూర్చున్నాయి. మా జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోరున్న రైతులు, లేనివాళ్లు కలిసి ఇలా ఒప్పందం రాసుకుని, కొత్త బోర్లు వేయకుండా ఎండే పంటకు ఒకటి రెండు తడులు అందించుకుంటున్నారు. మావాళ్లు అలాంటి ఒక ఊరికి వెళ్లి చూసొచ్చారు. పైపుల ఖర్చు దగ్గర మాట ఆగింది. ఇంకా తెగలేదు.

గోడకు ఏటా పని ఉంటుంది. వానలకు ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి పీజోమీటరు మట్టం తెచ్చి నీలి గీత పెడుతున్నాం. ఎరుపు పొర ఒకచోట పెచ్చు లేచింది, అక్కడ సున్నం సరిగా నానలేదనుకుంటాను. పక్క మండలం బడి నుంచి ఒక టీచరు ఫోను చేసి పొడి పంపమన్నారు. పంపలేదు. మా పొడి మా ఊరి కింది రాయి, వాళ్ల గోడ మీద దానికి పని లేదు. వాళ్ల ఊళ్లో ఈసారి బోరు బండి దిగినప్పుడు మొదటి రాడ్డు నుంచే సంచులు పట్టుకుని నిలబడమని, హెల్పరు కుర్రాడితో ముందే మాట్లాడుకోమని చెప్పాను. పాల విరుగుడు, సున్నం పాళ్లు కాగితం మీద రాసి పంపాను.